హరికేన్‌ను ఆపిన నిమ్మకాయ

ముందే చెప్పేస్తున్నాను, నా మాటలు ఉన్నవున్నట్టు నమ్మకండి. కంసాలి దగ్గర పాత బంగారం మార్చేటప్పుడు తరుగు తీస్తారు చూశారూ, అలా నా మాటల్లోనూ కొంత తరుగు తీసేసి మిగిలింది లోపల వేసుకోండి. మా ఆవిడ భారతి అయితే సగానికి సగం తీసేస్తుంది. వాన పడుతోందని నేనంటే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తడిస్తే తప్ప దండెం మీది బట్టలు తీయదు. మా ఉప్పల్ వీధికుక్క నా వెంట పడిందని చెబితే "పడిందా, ఊరికే వచ్చిందా?" అని అడుగుతుంది.

ఈ కథలోనూ ఒక ఘట్టం మొదలు నుంచి తుదిదాకా నా సొంత కల్పన. అదేదో చివర్లో ఒప్పుకుంటాను. మీరు నిమ్మకాయ అనుకుంటారు. కాదు. నిమ్మకాయ అక్షరాలా నిజం.

సంగతేమిటంటే, రెండో ప్రపంచయుద్ధంలో శత్రువుల తూటాలూ, బర్మా వానలూ, ఆ తర్వాత తరాల తరబడి పట్టిన తుప్పూ ఏమీ చేయలేకపోయిన ఒక యుద్ధవిమానాన్ని, నేను నాచారంలో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవకుండా, ఒక్క నిమ్మకాయతో నేలమీద కూలేశాను. శత్రుదేశంలో పుట్టి ఉంటే ఈపాటికి ఏ కూడలిలోనో నా విగ్రహం ఉండేది. పావురాలు దాని మీద చేయవలసిన పని చేస్తూ ఉండేవి.

ఇది జరిగి నాలుగైదేళ్ళయింది. అప్పటికి నాకు నెత్తిన జుట్టుండేది, దాని కింద బోలెడంత గర్వం ఉండేది. ఈ కథలో రెండూ ఊడిపోతాయి.

నాచారం పారిశ్రామికవాడలో మల్లేశానిది ఒక రేకుల షెడ్డు. అందులో రెండు లేతు మిషన్లు, ఒక డ్రిల్లింగు మిషను, గోడకు దేవుళ్ళ పటాలు. ఎండాకాలం ఆ రేకుల కింద మధ్యాహ్నం గుడ్డు పెడితే సాయంత్రానికి కోడిపిల్ల అయి, మంచినీళ్ళు అడుగుతుంది. మల్లేశానిది జనగామ వైపు. నాది రేపల్లె వైపు. మాకు ఏ చుట్టరికమూ లేదు. ఒకప్పుడు ఉప్పల్ బస్సులో కిటికీ సీటు కోసం పోట్లాడుకున్నాం. హబ్సిగూడ వచ్చేసరికి గొంతులు పోయాయి, నాచారంలో దిగేసరికి నేనతనికి బావనీ, అతను నాకు బావా అయిపోయాం.

మల్లేశం బోరు మోటార్లకు బుష్‌లు చేసేవాడు. బుష్ అంటే మరేం లేదు, కంచుతో చేసిన గాజులాంటి ముక్క. తిరిగే ఇనుము ఇంకో ఇనుమును కొరికేయకుండా మధ్యలో కూర్చుని, ఇద్దరి దెబ్బలూ తానే తింటుంది. ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలి ఉద్యోగం. ఆ షెడ్డులో నా హోదా పేరు 'ఇంగ్లీషు'. మెయిళ్ళు రాయడం, పెట్టెలు సర్దడం, ఎవరైనా వస్తే ఓనరు నేనేనన్నట్టు కాలు మీద కాలు వేసుకోవడం నా విధులు. మల్లేశం ఎవరికైనా నన్ను పరిచయం చేస్తే "మా బావ. ఇంగ్లీషు జూస్తడు" అనేవాడు. ఎలక్ట్రికలు చూస్తాడు, ప్లంబింగు చూస్తాడు అన్నట్టు.

ఒకరోజు ఇంగ్లండ్ నుంచి జార్జి అనే పెద్దమనిషి మెయిలు వచ్చింది. మల్లేశం అంతకుముందు ఒక పాత మోటారుసైకిళ్ళ పిచ్చివాడికి ఎక్కడా దొరకని భాగమేదో చేసిపెట్టాడు. ఆ పిచ్చివాడు ఈ పిచ్చివాడికి చెప్పాడు. ఈయన పిచ్చి ఇంకాస్త ఎత్తైనది. ఆయన దగ్గర హరికేన్ అనే పాత యుద్ధవిమానం ఉంది. యుద్ధకాలంలో బెంగాల్ నుంచి లేచి బర్మా మీదికి పోయొచ్చిన రకం. అలాంటివి ప్రపంచం మొత్తం మీద ఇంకా ఎగురుతున్నవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాటిని ఎయిర్‌షోలలో ఎగరేస్తారు. జనం గడ్డిలో దుప్పట్లు పరుచుకుని, తలలు పైకెత్తి, నోళ్ళు తెరుచుకుని చూస్తారు. జార్జి విమానానికి గాల్లోకి లేచాక చక్రాల కాళ్ళు ముడిచే కీళ్ళ దగ్గర బుష్‌లు అరిగిపోయాయి. కంచు ఆయనే కాగితాలతో సహా పంపుతాడట, పాత డ్రాయింగు ప్రకారం చేసిపెట్టాలట.

"బావా, మనకు విమానం ఆర్డరొచ్చింది!" అని అరిచాను.

మల్లేశం లేతు ఆపి చేతులు తుడుచుకున్నాడు. "ఇమానమా? మొత్తమా?"

"మొత్తం కాదు. మోకాళ్ళు."

"గట్ల జెప్పు. మోకాళ్ళంటె జేస్త," అన్నాడు, నాచారంలో రోజూ నలుగురు విమానాలు తోలుకొచ్చి మోకాళ్ళు చూపించి పోతున్నట్టు.

వీడియో కాల్‌లో జార్జి తన విమానాన్ని చూపించాడు. దాని వెనక చక్రాల కుర్చీలో, ఒళ్ళంతా దుప్పటి కప్పుకుని, నూరేళ్ళ గుమ్మం దాకా వచ్చిన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన జార్జి మామగారు ఆల్బర్ట్. యుద్ధంలో ఈ రకం విమానాలకే మెకానిక్కుగా బెంగాల్‌లో పనిచేశాడట. ఆ ఇంజను ఇంకొక్కసారి గాల్లో మోగుతుంటే వినాలని ఆయన కోరిక. డాక్టర్లు వచ్చే ఏడాది మాట ఎత్తడం లేదు. ఈ ఏడు సీజను ఆఖరి షో సెప్టెంబరులో ఒక ఆదివారం. ఆ రోజుకు విమానం లేవాలి.

ఆల్బర్ట్ కెమెరాలోకి వంగి అడిగాడు, "అక్కడ ఇంకా అంత వేడిగానే ఉందా?"

నేను తర్జుమా చేశాను.

"అచ్చి సూడమను. చాయ్ పోస్త," అన్నాడు మల్లేశం. కాల్ అయిపోయాక లేతు మీది రజను ఊడ్చాడు. "బావ, మా మామ గూడ గిట్లనే ఉండె. పొయ్యేముందు ఊరికి దీస్కపొమ్మన్నడు. రేపు మాపు అనుకుంట నేను తీస్కపోలే. గీ ముసలాయన ఇమానం ఇనాలె. అంతే."

ఆ తర్వాత మల్లేశం ఆ బుష్‌ల మీద పడ్డ తీరు నేను వర్ణించను, ఎందుకంటే ఎంత పెంచి చెప్పినా తక్కువే అవుతుంది. మొదట చేసినవి కొలతకు సరిపోయినా నునుపు నచ్చక పక్కన పడేశాడు. జార్జికి మళ్ళీ కంచు పంపమని రాయించాడు. చివరికి అయినవాటిని మెత్తని గుడ్డలో చుట్టి, ఆపైన నూనె కాగితం చుట్టి, పురిటి బిడ్డను అత్తగారి చేతికిచ్చినట్టు నా చేతికిచ్చాడు.

"పెట్టెల పెట్టి పంపియ్యి. నీ అక్కల్ దీంట్ల బెట్టకు," అన్నాడు. అక్కల్ అంటే తెలివి. ఆ హెచ్చరికకు నేను నొచ్చుకున్నాను. నొచ్చుకున్నవాడు బుద్ధిగా ఊరుకోవాలి కదా? ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలన్నారు గానీ, ఊరుకోవడం ఎలాగో ఒక్కరూ నేర్పిపోలేదు.

అది శ్రావణ శుక్రవారం. మల్లేశం భోజనానికి వెళ్ళాడు. నేనూ పెట్టే మిగిలాం. నాలో ఆలోచన మొదలైంది. ఇప్పుడు నా తర్కం చెబుతాను, మీరే తీర్పు చెప్పండి.

ఎయిర్‌షో అంటే ఏమిటి? వేలమంది జనం ఒకేసారి తలలెత్తి, ఒకే వస్తువును, కళ్ళార్పకుండా, "అబ్బ! ఎంత బాగుందో!" అంటూ చూడటం. దీన్ని మన భాషలో ఏమంటారు? దిష్టి. పక్కింటావిడ ఒక్కతి తన మూడో అంతస్తు నుంచి చూసినందుకే మా కొత్త ఫ్రిజ్ చెడిపోయింది. అలాంటిది ఒక మైదానం నిండా జనం! అందులో సగం మంది బైనాక్యులర్లతో! దిష్టిని భూతద్దంలో పెట్టి మరీ కొడుతున్నారన్నమాట. ఇన్నేళ్ళుగా ఈ పాత విమానాలు తరచూ ఎందుకు మూలపడుతున్నాయో ఆ ఇంగ్లీషువాళ్ళకు అర్థం కాకపోవచ్చు. రేపల్లెవాడికి క్షణంలో అర్థమైపోయింది.

దిష్టికి నిమ్మకాయ నాచారంలో ఆటోకు కడతాం, నీళ్ళ ట్యాంకరుకు కడతాం, కొత్త మిక్సీ డబ్బాకు కూడా కట్టిన వాళ్ళున్నారు. హరికేన్ ఏం పాపం చేసింది? పైగా పేరే తుఫాను. కోస్తావాళ్ళం, తుఫానంటే మాకు భయంతో కూడిన గౌరవం ఉంటుంది.

సందు చివర బండి దగ్గర నిగనిగలాడే నిమ్మకాయ ఒకటీ, ఏడు పచ్చిమిరపకాయలూ, ఒక బొగ్గుముక్కా నల్లదారానికి గుచ్చించుకొచ్చాను. కొబ్బరికాయ కొట్టాను. పెట్టెకు మూడు చుట్లు దిష్టి తీశాను. దండను పెట్టె మూత కింద, స్పాంజి వెనకాల, ఎవరికీ కనపడకుండా అమర్చి టేపు వేసేశాను. కొరియరు అతను "లోపల ఏమున్నయ్ సార్?" అని అడిగితే, "విమానం మోకాళ్ళు" అన్నాను. నా వైపొకసారి, పెట్టె వైపొకసారి చూసి 'ఇనుప సామాను' అని రాసుకున్నాడు.

సాయంత్రం ఇంటికెళ్ళి భారతికి చెప్పాను, "ఇవాళ ఒక విమానాన్ని కాపాడాను."

"కూర మాడుతోంది, దాన్ని కాపాడండి ముందు," అంది.

షో వారంలో బుధవారం నాడు మెయిలు వచ్చింది. పెట్టె ఇంగ్లండ్ చేరింది. చేరి కస్టమ్స్ గదిలో ఆగింది. 'మీరు చెప్పిన సామానులో లేని పచ్చి వృక్షసంబంధ పదార్థం ఇందులో కనిపించింది. అనుమతి పత్రం లేకుండా ఇలాంటివి దేశంలోకి రాకూడదు. ఇదేమిటో వివరించండి.' జార్జి కింద ఒక వాక్యం జోడించాడు: 'మూర్తిగారూ, ఇదేదో పొరపాటయి ఉంటుంది కదా?'

మూర్తి అంటే నేనే. ఇక్కడ బుద్ధున్నవాడెవడైనా ఏం రాస్తాడు? 'అవును, పొరపాటే, క్షమించండి, పారేయండి' అని రాస్తాడు. అక్కడితో కథ అయిపోతుంది. మీరు వేరే ఏదో చదువుకుంటూ ఉండేవారు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు. నేను గోటితో పోయేదానికి క్రేను తెప్పించాను.

పొరపాటని ఒప్పుకుంటే మల్లేశానికి తెలుస్తుంది. 'నీ అక్కల్ పెట్టకు' అన్న మనిషికి పెట్టానని తెలియడమే! అందుకని రాశాను: 'ఇది పొరపాటు కాదు. ఇది భారతదేశంలో వాహనాలన్నిటికీ వాడే సంప్రదాయ రక్షణ పరికరం. ఈ బుష్‌లలో విడదీయరాని భాగం.'

పంపి, కాలు మీద కాలు వేసుకున్నాను.

అరగంటలో జార్జి జవాబు. 'మూర్తిగారూ, ఫ్యాక్టరీ పాత డ్రాయింగులన్నీ తిరగేశాను. నిమ్మకాయ ఎక్కడా కనిపించలేదు. మీ దగ్గరున్నది వేరే మోడలు డ్రాయింగా? ఇకపోతే, విమానానికి బిగించే ప్రతి భాగాన్నీ పరీక్షించే ఇన్‌స్పెక్టరమ్మ ఒకావిడ ఉంది. ఆవిడ నాలుగు ప్రశ్నలడుగుతోంది. ఈ పరికరం ఏ పదార్థంతో చేశారు? కొలతలేమిటి? విమానంలో ఎక్కడ బిగించాలి? ఆయుష్షు ఎంత?'

ఇక్కడైనా ఆగవచ్చు. మానవమాత్రుడైతే ఆగుతాడు.

'పదార్థం: నిమ్మకాయ ఒకటి, పచ్చిమిరపకాయలు ఏడు, బొగ్గు ఒక ముక్క. కొలత: నిమ్మకాయ గుప్పిట్లో ఇమడాలి, మిరపకాయ చూపుడువేలంత. బిగించే చోటు: వాహనం ముందుభాగాన, అందరికీ కనపడేట్టు. ఆయుష్షు: వారం. ప్రతి శనివారం మార్చాలి. వాడేసిన పరికరాన్ని నడిరోడ్డు మీద పడేయాలి, ఎవరూ తొక్కకూడదు.'

రాశాక చదువుకుంటే నాకే ముచ్చటేసింది. ఎంత శాస్త్రీయంగా ఉంది! అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు. నాది అతికింది. అతికీ అతికీ, నిమ్మకాయను తీసుకుపోయి బుష్‌లకు అతికించేసింది.

గురువారం పొద్దున్న వచ్చిన మెయిలు చూస్తే ఒళ్ళు చల్లబడింది, నాచారంలో, రేకుల కింద. 'మీరే విడదీయరాని భాగమని లిఖితపూర్వకంగా తెలిపినందున, పండును మాత్రం తీసేసి మిగతాది వదిలే వీలు లేదు. మొత్తం సరుకును ఒకే వస్తువుగా భావిస్తున్నాం. అనుమతి పత్రం లేదు కాబట్టి మొత్తాన్నీ ధ్వంసం చేస్తాం. అభ్యంతరం ఉంటే రేపు సాయంత్రంలోగా చెప్పండి.'

మొత్తాన్నీ! మల్లేశం నిద్ర మానుకుని నునుపు తేల్చిన బుష్‌లను, ఏడు మిరపకాయల తోడు పంపి, పొయ్యిలో వేస్తారట. సతీసహగమనం. ఆదివారం విమానం లేవదు. ఆల్బర్ట్ దుప్పటి కప్పుకుని ఖాళీ ఆకాశం చూస్తూ కూర్చుంటాడు. సీతమ్మ లంకలో కూర్చున్నట్టు కూడా కాదు, ఆవిడకు కనీసం ఒక హనుమంతుడు ఎగిరొచ్చాడు.

వెనక నుంచి మల్లేశం గొంతు. "ఏందంట బావ? ముట్టినయా బుష్‌లు?"

"ముట్టాయి..."

"మరి మొఖం గిట్లెందుకు పెట్టినవ్? ఎవరన్న పోయిన్రా?"

"ఇంకా పోలేదు. రేపు సాయంత్రం దాకా టైముంది."

చెప్పక తప్పలేదు. నిమ్మకాయ దగ్గర మొదలుపెట్టి, ఆయుష్షు వారం దాకా మొత్తం చెప్పాను. మల్లేశం లేతు ఆపాడు. పక్క షెడ్డువాళ్ళు కూడా మిషన్లు ఆపి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆ తర్వాత నాచారం చరిత్రలో ఎన్నడూ వినని తిట్లు మొదలయ్యాయి.

"నీ ఇంగ్లీషుల మన్నువడ! నిమ్మకాయకు ఆయుష్షు రాసినవా? నా ఆయుష్షు గుంజుకొని రాసినవా? మిరపకాయకు కొలత ఇచ్చినవ్ గద, నీ బుద్ధికి ఏ కొలత ఇస్తవ్? మైక్రోమీటర్ల గూడ దొరుకదది! బోరు మోటర్‌కు బుష్ జేస్కుంట నా బువ్వ నేను తింటుంటి. ఇమానం దాక ఎక్కిచ్చి నిచ్చెన గుంజినవ్ గదనే! నీ నాలుకను లేతుకు బిగిచ్చి సగం చెక్కేస్త. మిగిలిన సగమే దునియకు మస్తయితది! రేపల్లెల సముద్రం ఉన్నది గద, దాంట్ల ఉప్పు తక్వయిందని నిన్ను ఈడికి తోలిన్రా? ఉప్పల్ నుంచి నారపల్లి దాక రోడ్డుమీద సగంల ఆగిన ఫ్లైఓవర్ పిల్లర్లు నిలబడ్డయ్ సూడు, గా పిల్లరొక్కొక్కటి సిగ్గువడ్తది నిన్ను జూసి! అయ్యి ఏం పని జెయ్యకున్న సప్పుడు జెయ్యక నిలబడ్డయ్. నీకు గదన్న చాతనైతదా?"

గుమ్మంలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకతను "అన్నా, మళ్ళొక్కసారి" అన్నాడు. నేను నిలబడ్డచోటే కరిగి బుష్ అంత అయిపోయాను.

తర్వాత మల్లేశం నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. "పెద్దసార్‌కు వీడియో కొట్టు. నేను మాట్లాడ్త."

"నువ్వా? ఇంగ్లీషులోనా?"

"నీ ఇంగ్లీషు సూసినం గద. ఇంగ నా ఇంగ్లీషు సూద్దాం."

ఫోనులో జార్జి కనిపించాడు. నిద్రలేని కళ్ళు. వెనక చక్రాల కుర్చీలో ఆల్బర్ట్. మల్లేశం గొంతు సవరించుకున్నాడు.

"సార్. మిస్టేక్. లెమన్ నాట్ పార్ట్. బుష్ పార్ట్. లెమన్ ఫర్..." అని ఆగి, మాట దొరక్క, రెండు వేళ్ళతో తన కళ్ళు చూపించి, ఆ వేళ్ళనే పైకెత్తి, గాల్లో విమానంలా ఒక చుట్టు తిప్పి, ధబీమని కింద పడేశాడు. "మెనీ పీపుల్ లుకింగ్, ప్లేన్ ఫాలింగ్. సో, లెమన్. మై బావ గుడ్ మ్యాన్. మైండ్ లిటిల్. సార్, లెమన్ త్రో. బుష్ కీప్. ప్లీజ్ సార్, మామ హియరింగ్ సండే."

నేను రాసిన మెయిళ్ళన్నిటిలో లేని నిజం అందులో ఉంది. వ్యాకరణం ఒక్కటే లేదు.

జార్జి అయోమయంగా చూస్తున్నాడు. అప్పుడు వెనక దుప్పటి కదిలింది. ఆల్బర్ట్ కుర్చీని ముందుకు తోసుకొచ్చాడు.

"నిమ్మకాయా? కింద మిరపకాయలూ? నల్లదారమా?"

నేను అవునన్నాను.

ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆయన చెప్పింది ఇది. యుద్ధంలో బెంగాల్‌లో ఉండగా, విమానాలకు పెట్రోలు తెచ్చే లారీకి ఒక డ్రైవరు సరిగ్గా ఇలాంటిదే కట్టేవాడట. పైఅధికారి ఒకరోజు అసహ్యంగా ఉందని పీకి పారేయించాడట. ఆ సాయంత్రమే లారీ బురదలో దిగబడితే విమానాలన్నీ పెట్రోలు లేక నేలమీదే ఉండిపోయాయట. మర్నాటి నుంచి అధికారే డ్రైవరును పిలిచి "కట్టావా?" అని అడిగేవాడట.

"అప్పటి నుంచి మళ్ళీ దాన్ని చూడలేదు," అన్నాడు ఆల్బర్ట్. "జార్జి, ఆ ఇన్‌స్పెక్టరమ్మకు ఫోను కలుపు. అది విమానం భాగం కాదని నేను చెబుతాను. నేను మెకానిక్కుని, నాకు తెలియదా?"

జార్జీ, ఆల్బర్టూ కలిసి ఎవరితో ఏం మాట్లాడారో మాకు తెలియదు. నా వంతుగా నేనొక క్షమాపణ మెయిలు పంపాను. మల్లేశం పక్కనే నిలబడి, మూడో వాక్యం మొదలుపెట్టగానే చెయ్యి పట్టుకుని "బస్, సాలు" అన్నాడు. నా జీవితంలో నేను రాసిన అతి చిన్న రచన అది. శుక్రవారం మధ్యాహ్నం కస్టమ్స్ నుంచి రెండు ముక్కల జవాబు: పండు ధ్వంసం, బుష్‌లు విడుదల. ఆ నిమ్మకాయ పరాయి గడ్డమీద వీరమరణం పొందింది. దాని పేర మేము మల్లేశం షెడ్డులో షర్బతు తాగాం.

శనివారమంతా కూర్చుని జార్జి బుష్‌లు బిగించి, ఇన్‌స్పెక్టరమ్మ చేత సరే అనిపించాడు. ఆదివారం సాయంత్రం షెడ్డులో ఫోనును డ్రిల్లింగు మిషనుకు ఆనించి చుట్టూ చేరాం. భారతి కూడా వచ్చింది, నేను చెప్పినదాంట్లో తరుగెంతో స్వయంగా తేల్చుకోడానికి. జార్జి స్నేహితుడెవరో మైదానం నుంచి చూపిస్తున్నాడు. గడ్డి, గొడుగులు, మూరెడు మబ్బులు. హరికేన్ ఇంజను స్టార్టవగానే ఫోను బుల్లి స్పీకరు వణికింది. షెడ్డులో ఉన్న బోల్టులన్నీ ఎగిరి గంతులేశాయి. (ఇందులో తరుగు తీసుకోండి. రెండే గంతులేశాయి.)

విమానం గడ్డిమీద పరుగెత్తి లేచింది. అక్కడున్న జనమంతా రెక్కలు చూసి ఉంటారు, రంగులు చూసి ఉంటారు. మల్లేశం ఒక్కడు దాని కాళ్ళు చూస్తున్నాడు.

"మడుస్తలేదు. బావ, మడుస్తలేదు!"

"ఇప్పుడేగా లేచింది, ఆగవయ్యా!"

"మడుస్తలే... ఆ! ఆ! మడ్సింది! రెండు మడ్సింది! సూడు సూడు, ఎంత మంచిగ మడ్సుకున్నదో, సద్ది మూట కట్టుకున్నట్టు!"

దిగేటప్పుడు మళ్ళీ అదే. కాళ్ళు బయటికొస్తున్నాయి. ఒకటి వచ్చింది. రెండోది రాలేదు. మల్లేశం నా భుజం పట్టుకున్నాడు. లేతు పట్టిన చెయ్యి అది, ఆ వేళ్ళ గుర్తులు నాకిప్పటికీ వాన పడితే నొస్తాయి. రెండోదీ వచ్చింది. చక్రాలు నేలకు తాకాయి. ఎగరలేదు, ఒరగలేదు, పెళ్ళికూతురు పీటమీద కూర్చున్నట్టు కూర్చుంది.

మల్లేశం పక్కకు తిరిగి, ఏమీ అంటని చేతులను నూనెగుడ్డతో చాలాసేపు తుడుచుకున్నాడు. నా కళ్ళలోనూ ఇనుప రజను పడింది. మిషన్లు ఆపి ఉన్నాయి, అయినా పడింది.

ఫోను ఆల్బర్ట్ వైపు తిరిగింది. ముసలాయన చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆగిపోయిన ఇంజనును ఇంకా వింటున్నాడు. ఆయన చక్రాల కుర్చీ ముందు ఏదో వేలాడుతోంది. జార్జి కెమెరాను దగ్గరికి తెచ్చాడు. నల్ల షూలేసుకు గుచ్చిన నిమ్మకాయ. దాని కింద, వాళ్ళ ఊళ్ళో సరైన మిరపకాయలు దొరక్క కాబోలు, ఏడు చిక్కుడుకాయలు.

"దిష్టి పోతుందో లేదో గానీ, దాంతో పూటకు కూర మాత్రం అవుతుంది," అంది భారతి.

నెల తిరక్కుండా జార్జి నుంచి ఇంకో ఆర్డరు వచ్చింది. ఆయన స్నేహితుడి పాత విమానానికి. డ్రాయింగు కింద ఒక గమనిక ఉంది: 'నిమ్మకాయలు పంపనక్కర్లేదు. స్థానికంగా సమకూర్చుకున్నాం.'

కాబట్టి పాఠకులారా, గోడమీది దేవుళ్ళ సాక్షిగా, ఆ వీరమరణం పొందిన నిమ్మకాయ సాక్షిగా, నేను ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక నా జన్మలో ఏ పెట్టెలోనూ నా అక్కల్ పెట్టను. ఏ కూరగాయకూ కొలతలు ఇవ్వను, ఆయుష్షు నిర్ణయించను. ఏ దేశపు వైమానిక దళాన్నీ నేలమీద కూలేయను, వాళ్ళు వచ్చి బతిమాలినా సరే.

ఇక ఆ కల్పన సంగతి. ఇచ్చిన మాట ప్రకారం ఒప్పుకుంటున్నాను. మల్లేశం తిట్లు. ఆ తిట్లన్నీ, గుమ్మంలో నిలబడ్డ జనం, చప్పట్లు, అన్నీ నేను రాసుకున్నవే. ఆ గురువారం నేను మొత్తం చెప్పాక మల్లేశం లేతు ఆపాడు, అంతవరకు నిజం. ఆ తర్వాత ఒక్క మాటా అనలేదు. టిఫిన్ డబ్బా తెరిచి, రొట్టెను సగానికి తుంచి, పెద్ద సగం నా చేతిలో పెట్టి, "తిను బావ. తిన్నంక ఫోన్ జేద్దాం" అన్నాడు. ఆ రొట్టె నాకు గొంతు దిగలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే హాయిగా దిగేది. అందుకే ఆ లోటు ఇన్నేళ్ళకు ఇలా నేనే భర్తీ చేసుకున్నాను.

నిన్న దీన్ని షెడ్డులో చదివి వినిపించాను. మల్లేశం తిట్ల దగ్గర ఆపమని, మళ్ళీ మొదటి నుంచి చదివించుకున్నాడు.

"నాకు గిన్ని తిట్లు యాడొస్తయ్ బావ?" అన్నాడు. "గని మస్తున్నయ్. ఒక కాయితం మీద రాసియ్యి. నీళ్ళ ట్యాంకరోడు మూడు పొద్దుల సంది వస్తలేడు, వానికి సదివి ఇనిపిస్త."